వెనక్కి తిరగని ఆవిడ

వాటర్లూ
సెప్టెంబర్ 18, 2022

విశాలాక్షి ఆంటీకి రిషిత నమస్కారాలు.

మీరు ఉత్తరమే రాయమన్నారు కదా, రాస్తున్నాను. పదో తరగతి పరీక్షలో మిత్రునికి లేఖ రాశాక మళ్ళీ తెలుగులో ఇన్ని వాక్యాలు రాయడం ఇదే మొదలు. వేళ్ళు నొప్పి పెడుతున్నాయి. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది మాత్రం పంపకండి.

ముందు థాంక్స్ చెప్పాలి. ఆగస్టులో నేను దిగినప్పుడు మాట్లాడిపెట్టుకున్న రూమ్ చేజారిపోయింది. ముక్కూ మొహం తెలియని నన్ను తెలుగు సంఘం వాళ్ళ మాట మీద మిల్టన్‌లో రెండు వారాలు ఇంట్లో పెట్టుకున్నారు. మా ఖమ్మంలో చుట్టాలు కూడా అన్నాళ్ళు ఉంచుకోరు. ఇక్కడ ఆరుగురం అమ్మాయిలం, రెండు బాత్‌రూమ్‌లు. ఎప్పుడు చూసినా అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లే, అందరూ ఇంటికి ఫోన్లే. మాలో మేం మాట్లాడుకునేది తక్కువ. మీరిచ్చిన గోంగూర పచ్చడి నాకు రెండు ముద్దలే దక్కింది.

ఇప్పుడు అసలు పని. ఈ టర్మ్‌లో ఒక ఎలెక్టివ్ తీసుకోవాలి. సీనియర్లు సినిమా చరిత్ర తీసుకో, సినిమాలు చూస్తే మార్కులేస్తారన్నారు. మస్తు ఈజీ అనుకుని తీసుకున్నా. తీరా వెళ్తే మా మేడం మొదటి క్లాసులోనే వందేళ్ళు దాటిన ఒక ఫ్రెంచి కామెడీ వేసింది. మూకీ. ఆరు నిమిషాలు. తీసిందెవరో కూడా సరిగ్గా తెలియదట. మేం గొడుగు సినిమా అంటున్నాం.

కథ ఇంతే. ఒకావిడ పెద్ద టోపీ పెట్టుకుని బజారుకి బయల్దేరుతుంది, గొడుగు మరిచిపోతుంది. మొగుడు గొడుగు పట్టుకుని వెనకాల పరిగెడతాడు. పిలుస్తాడు, ఆవిడ తిరగదు. తొందరలో పాలబండిని గుద్దుతాడు, పాలవాడు వెంటపడతాడు. నిచ్చెనెక్కి రంగులేసేవాణ్ణి పడేస్తాడు, వాడూ వెంటపడతాడు. ఆ తర్వాత పోలీసు, ఇద్దరు నన్‌లు, ఒక మేక. వీధి వీధంతా వెనకాల వస్తుంటే ఆవిడ మాత్రం షాపుల అద్దాలు చూసుకుంటూ తన మానాన తను పోతుంటుంది. చివరికి ఇల్లు చేరి తలుపు తీస్తుంటే అందరూ ఆవిడ కాళ్ళ దగ్గర గుట్టగా పడతారు. అప్పుడు చూస్తుంది. అయిపోయింది.

దీన్ని ఇదివరకు చూడని ఇద్దరికి వేరువేరుగా చూపించాలట. ఎక్కడ నవ్వారు, ఆవిడ ఎందుకు తిరగలేదనుకుంటున్నారు, ఈ రెండూ రాయించుకోవాలి. అప్పటిదాకా ఆ ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోకూడదు. మీరూ అంకులూ నా ఇద్దరు ప్రేక్షకులు. పెన్‌డ్రైవ్ ఇందులోనే పెట్టాను. అంకుల్‌తో మాట్లాడకుండా ఉండటం మీకు కష్టమే కానీ నాకోసం ఓర్చుకోండి.

మొన్న ఫోన్‌లో అక్టోబర్ థాంక్స్‌గివింగ్ సెలవులకి ఏ రోజు రమ్మంటారని అడిగితే మీరు నెయ్యి వేసుకుని తిను అన్నారు. ఆ రోజు కూడా నెయ్యి వేసుకునే తిన్నాను.

మీ
రిషిత

•

మిల్టన్
సెప్టెంబర్ 27

రిషితమ్మా,

నీ ఉత్తరం అందింది. తప్పులు పదకొండు. దిద్దలేదు, లెక్కపెట్టాను అంతే.

ఫోన్ వద్దు, ఉత్తరం రాయి అన్నానని పాతకాలం మనిషిననుకున్నావేమో. మీ ఫోన్లలో అక్షరాలు చీమల్లా పాకుతుంటాయి, మాటలేమో నూతిలోంచి వస్తున్నట్టుంటాయి. కాగితం మీద నువ్వు రాస్తే నువ్వు అక్కడ కూర్చున్నట్టుంటుంది. థాంక్స్‌గివింగ్‌కి ఆదివారమే వచ్చెయ్యి.

పచ్చడి మళ్ళీ పెట్టాను. ఈసారి నీ పేరు రాసి పంపిస్తా, చూస్తాను ఎవరు ముట్టుకుంటారో.

మేమిద్దరం మాట్లాడుకోకూడదన్నావు. ఆ షరతు మాకేం కష్టం కాదమ్మా. నువ్వున్న రెండు వారాలూ ఇంట్లో కాస్త సందడిగా ఉంది కాబట్టి నీకు తెలియలేదు. మీ అంకుల్ నాతో మాట్లాడటం మానేసి ఏడాది దాటింది. పోట్లాట లేదు, అరుపుల్లేవు. పై అంతస్తులో ఆయన గదిలో ఆయన, కింద వంటింట్లో నేను. ఇదివరకు రోజుకి పదిసార్లు పిలిచేవారు, కళ్ళజోడేదీ, పేపరేదీ అంటూ. విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఒక్కసారైనా పిలవరు. భోజనానికి వస్తారు, తింటారు, కంచం తీసి సింకులో పెట్టి వెళ్ళిపోతారు.

పోయిన వారం ఒక కాగితం మీద టికెట్ వివరాలు రాసి ఫ్రిజ్ మీద అంటించారు. నవంబర్ ఇరవైన విజయవాడ వెళ్తున్నారట, తమ్ముడింటికి. ఒక్కరే. తిరుగు టికెట్ ఎప్పుడో అందులో లేదు. ముప్ఫై ఏళ్ళు హామిల్టన్‌లో పిల్లల డాక్టరుగా చేశాను. ఎంతమంది తల్లులకి ధైర్యం చెప్పానో లెక్కలేదు. ఆ కాగితం ముందు నిలబడి మాత్రం ఎందుకని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇవన్నీ నీకెందుకు రాస్తున్నానో తెలియదు. చదివి చించెయ్యి. సినిమా చూసి రాస్తాను.

ఆశీస్సులతో
విశాలాక్షి

•

వాటర్లూ
అక్టోబర్ 4

ఆంటీ,

మీ ఉత్తరం చించలేదు. చించమంటే చించుతాను కానీ కొన్నాళ్ళు ఉండనివ్వండి.

మా ఇంట్లో అమ్మానాన్న అరుచుకుంటారు, సాయంత్రానికి కలిసిపోతారు. అరుపుల్లేని పోట్లాట ఎలా ఉంటుందో నాకు తెలియదు. నేనేమీ సలహా ఇవ్వను. అంకుల్ నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చిన రోజు దారంతా మీ గురించే చెప్పారన్న ఒక్క మాట మాత్రం చెప్తాను. ఎంత పెద్ద డాక్టరో, ఎన్ని భాషల్లో పిల్లల్ని ఊరుకోబెట్టగలదో, అన్నీ చెప్పారు. మీ పేరు మాత్రం చెప్పలేదు, మీ ఆంటీ మీ ఆంటీ అనే అన్నారు. ఇల్లు చేరాక మీరు చెప్తేనే నాకు మీ పేరు తెలిసింది.

సినిమా గురించి ఇవాళ క్లాసులో చెప్పింది రాస్తాను, చూసేటప్పుడు పనికొస్తుంది. అప్పట్లో కెమెరాని ఒకచోట నిలబెడితే ఇక కదిపేవాళ్ళు కాదట. దగ్గరికి తీసుకెళ్ళి మొహం చూపించడం కూడా లేదు. మనుషులు తల నుంచి చెప్పుల దాకా కనపడతారు, నాటకంలో లాగా. అందుకని ముందూ వెనకా జరిగేదంతా మనకి ఒకేసారి కనిపిస్తుంది. ముందున్న ఆవిడకి వెనక సంగతి తెలియదు, వెనకున్నాయనకి ఆవిడ మొహం కనపడదు, కుర్చీలో కూర్చున్న మనకి రెండూ తెలుసు. నవ్వంతా అక్కడే ఉందంది మేడం. ఆ తర్వాత అన్ని దేశాలవాళ్ళూ వందేళ్ళపాటు ఇదే వాడుకున్నారట. మన తెలుగు సినిమాల్లో క్లైమాక్స్‌లో అందరూ పిండి బస్తాల మీద పడుతూ ఒకరి వెనక ఒకరు పరిగెత్తడం, మా రూమ్మేట్లు ఫోన్‌లో చూసి పడీపడీ నవ్వే అరనిమిషం వీడియోలు, అన్నీ ఆ వీధిలోంచి వచ్చినవేనట. నేను మా బాబాయి పెళ్ళి వీడియో కూడా ఆ లెక్కలోకే వస్తుందని చెప్పాను. క్లాసంతా నవ్వింది. వచ్చాక మొదటిసారి ఇక్కడివాళ్ళు నా మాటకి నవ్వారు.

ఆదివారం వస్తాను. ఆ కాగితం సంగతి నాకు తెలిసినట్టు కనిపించను.

రిషిత

•

మిల్టన్
అక్టోబర్ 14

రిషితమ్మా,

నువ్వు వచ్చి వెళ్ళిన మర్నాడే సినిమా చూశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఇన్నేళ్ళ వయసులో ఇంత చిన్న సినిమాకి ఇంతగా నవ్వుతాననుకోలేదు. మేక దగ్గర నవ్వాను. నన్‌లు పరికిణీలెత్తి పరిగెత్తినప్పుడు, మా కాన్వెంట్ సిస్టర్లు గుర్తొచ్చి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. రాసుకో.

ఇంకో మాట కూడా రాసుకో. ఈమధ్య నేను సినిమాలు మానేశాను. తెలుగు సినిమాల్లో అందరూ గొణుగుతారు, ఇంగ్లీషు వాళ్ళు ఇంకా గొణుగుతారు. పక్కవాళ్ళు నవ్వుతుంటే చూసి నవ్వడం నాకు చిరాకు. ఇందులో ఆ బాధ లేదు. వాళ్ళ నోళ్ళు కదులుతాయి, చెయ్యి ఊపుతారు, అన్నీ అర్థమైపోతాయి. నా వాటా ఎవరూ తీసుకోలేదనిపించింది. అందరితో సమానంగా కూర్చుని చూశాను. ఎంత సంతోషమేసిందో నీకు చెప్పలేను.

ఇక నీ రెండో ప్రశ్న. ఆవిడ ఎందుకు తిరగలేదంటే, పాపం, ఆవిడకి వినపడలేదు. ఇందులో ఆలోచించడానికేముంది? పొగరు కాదు, నిర్లక్ష్యం కాదు. చివర్లో తలుపు దగ్గర ఆ జనాన్ని చూసినప్పుడు ఆవిడ మొహం చూడు. ఎవరైనా పిలిచారని తెలిసుంటే అలా బెదిరిపోదు. పిలిచినట్టు ఆవిడకసలు తెలియదు. తన వెనక ఏమీ లేదనుకుంటూ ఒక్కతే నడిచిపోతోంది.

మీ అంకుల్ కూడా చూశారు, పైన. నీ అడ్రసు ఆయనకి చీటీ మీద రాసిచ్చాను. ఆయన సంగతి ఆయనే రాస్తారు.

చలి మొదలైంది. ఆ పల్చటి జాకెట్ వేసుకుని బస్సుల కోసం నిలబడకు.

విశాలాక్షి

•

మిల్టన్
అక్టోబర్ 15

కుమారి రిషితకు రాజగోపాల్ ఆశీర్వచనములు.

నువ్వు పంపిన చలనచిత్రాన్ని చూశాను. అడిగినవాటికి నా జవాబులు రాస్తున్నాను. తెలుగు రాసి చాలా కాలమైంది, క్షమించాలి.

నేను వంతెనలు కట్టిన ఇంజనీరుని, సినిమాల గురించి తెలియదు. కానీ దీన్ని కట్టిన పద్ధతి నచ్చింది. ప్రతి వీధిలోనూ మనుషులు దూరపు మూలలో మొదలై, మన పక్కనుంచి దాటిపోతారు. ప్రతిసారీ ఒక్క మనిషే పెరుగుతాడు. ఎక్కడా తొందర లేదు. బరువు ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు తీశాడు.

నేను నవ్వింది ఒక్కచోటే. ఆయన మొదటిసారి పిలవడానికి నోరు తెరిచి, చుట్టూ చూసి, మీసం సర్దుకుని ఊరుకుంటాడు. వీధిలో భార్యను పేరు పెట్టి పిలవడానికి మొహమాటం. ఆయన మావాడే అనిపించింది. మా ఇళ్ళల్లోనూ ఆ అలవాటు లేదు. మీ ఆంటీని నేను పెళ్ళయినప్పటినుంచీ పేరు పెట్టి పిలవలేదు. నా ఉంగరంతో కాఫీ గ్లాసు మీద రెండుసార్లు తడతాను. హామిల్టన్ ఇంట్లో ఆవిడ పెరటి తోటలో ఉన్నా సరే, ఆ చప్పుడుకి వచ్చేది.

రెండో ప్రశ్న. ఆవిడకి వినపడింది. స్పష్టంగా వినపడింది. కావాలనే తిరగలేదు. మనసు విరిగింది. గొడుగు మరిచిన రోజు పుట్టిన కోపం కాదు, అంతకుముందు ఆయన ఏదో చేసి ఉంటాడు. అది సినిమాలో చూపించలేదు.

నువ్వు పిల్లవి, నీకు రాయకూడదు. కానీ ఇక్కడ ఎవరికి చెప్పుకోను? ఏడాదిగా నేను గ్లాసు తడితే మీ ఆంటీ రావడం లేదు. మొదట్లో పనిలో ఉందనుకున్నాను. తర్వాత పైనుంచి మాట్లాడి చూశాను, జవాబు లేదు. వెనక నిలబడి తట్టినా తల తిప్పలేదు. రిటైరయ్యాక హామిల్టన్ ఇల్లు అమ్మించింది నేనే. ఈ మిల్టన్ ఇంట్లో మెట్లు ఎక్కువని, తోట ఉండదని ఆవిడ వద్దంది. నేను పట్టుబట్టాను. ఆ కోపం ఇప్పుడు బయటపడుతోంది. ఆవిడ కోపానికి న్యాయం ఉంది, అందుకే నేను తట్టడం మానేశాను. పిలిచి పిలిచి విసిగించడం కంటే, నేను కొంతకాలం కళ్ళెదుట లేకపోతే ఆవిడ ప్రాణానికి హాయిగా ఉంటుందని విజయవాడ ప్రయాణం పెట్టుకున్నాను. పొమ్మంటే అక్కడే ఉండిపోతాను.

ఈ సంగతి మీ ఆంటీకి తెలియనివ్వకు. చదువు మీద శ్రద్ధ పెట్టు.

శుభాకాంక్షలతో
రాజగోపాల్

•

వాటర్లూ
అక్టోబర్ 22

ఆంటీ,

ఒక మాట అడుగుతాను. మీకు కోపం వస్తుందని తెలుసు, అయినా అడుగుతాను.

మీకు సరిగ్గా వినపడటం లేదు కదా?

మీరు ఫోన్ వద్దంటే కాగితం మీద ఇష్టమనుకున్నాను. నెయ్యి వేసుకోమంటే నేను సన్నగా ఉన్నాననేమో అనుకున్నాను. మొన్న ఆదివారం మీరు నా మొహం వైపే చూస్తూ ఉంటే, పరాయి పిల్లని ఎంత ప్రేమగా చూస్తున్నారో అని లోపల పొంగిపోయాను. మీరు నా పెదవులు చూస్తున్నారని ఇప్పుడు తెలుస్తోంది. మీరు అన్నానికి పెట్టిన స్టవ్ టైమర్ మోగీ మోగీ ఊరుకుంది, నేనే లేచి కట్టేశాను. మీరు చూసి, ఎందుకు కట్టావన్నట్టు ఒక్క క్షణం ఆగారు.

గొడుగావిడకి వినపడలేదని మా క్లాసులో ఒక్కరు కూడా అనలేదు, ఆంటీ. ఆవిడ పొగరుబోతు అన్నారు, మొగుడితో విసిగిపోయింది అన్నారు. తిరిగితే సినిమా అయిపోతుంది కాబట్టి తిరగలేదని నేను రాశాను. మీరొక్కరే ఆవిడ పక్కన నిలబడ్డారు.

అంకుల్‌కి తెలుసా?

రిషిత

•

మిల్టన్
అక్టోబర్ 27

రిషితకు,

పిల్లలు పెద్దవాళ్ళని అడగకూడనివి కొన్ని ఉంటాయి. మీ ఇంట్లో నేర్పలేదనుకుంటాను.

అవును. రెండేళ్ళయింది. ఎడమ చెవికి ఎక్కువ. నేను డాక్టర్ని, నాకెవరూ చెప్పక్కర్లేదు.

మీ అంకుల్‌కి తెలియదు. తెలియకూడదు. మా అత్తగారికి చెవుడు వచ్చినప్పుడు ఇంట్లో అందరూ ఆవిడ ఎదుటే ఆవిడ గురించి మాట్లాడుకునేవాళ్ళు. చెవిటి మాలోకం అని నవ్వేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వేది, ఎందుకో తెలియకుండానే. చివరికి ఎవరితోనూ మాట్లాడకుండా మూల గదిలో పడుకునే ఉండేది. అసలే నాతో మాట్లాడటం మానేసిన మనిషికి, ఇక మాట్లాడినా వినపడదని కూడా తెలిస్తే ఏం మిగులుతుంది? వెళ్ళేవాణ్ణి వెళ్ళనీ. జాలిపడి ఆగిపోవద్దు.

నీ క్లాసుకి కావలసినవి ఇచ్చాను. ఇక దీని గురించి రాయకు.

విశాలాక్షి

•

వాటర్లూ
నవంబర్ 3

ఆంటీ,

రాయొద్దన్నారు. ఈ ఒక్కటీ రాసి ఊరుకుంటాను. తర్వాత మీరు నాతో మాట్లాడకపోయినా సరే.

మేడం క్లాసులో చెప్పింది మీకు రాశాను, గుర్తుందా? సినిమాలో వాళ్ళకి ఒకరి సంగతి ఒకరికి తెలియదు, కుర్చీలో ఉన్నవాళ్ళకి ఇద్దరి సంగతీ తెలుసు, అందుకే నవ్వు అని. వారం రోజులుగా నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. నాకు నవ్వు రావడం లేదు. నా మంచం మీద మీ ఉత్తరం ఒకటి, అంకుల్ ఉత్తరం ఒకటి పక్కపక్కన పెట్టుకుని ఏడ్చాను. రూమ్మేట్ కడప అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీసేసి, ఏమైంది అని పక్కన కూర్చుంది. ఇంట్లోవాళ్ళు గుర్తొచ్చారన్నాను. అబద్ధం కూడా కాదు.

ఇద్దరూ నాకు ఒకరికి తెలియకుండా ఒకరు చెప్పారు. మీ సంగతి అంకుల్‌కి చెప్పడం నా పని కాదు. అది మీ ఒంటికి సంబంధించింది, మీరే చెప్పాలి. కానీ ఆయన మాట మీకు చేర్చకుండా నవంబర్ ఇరవై దాటిపోతే నేను బతికున్నంతకాలం బాధపడతాను. ఆయన తిట్టినా పడతాను.

ఆంటీ, అంకుల్ మిమ్మల్ని వద్దనుకుని పిలవడం మానేయలేదు. ఏడాది క్రితం కాఫీ గ్లాసు మీద ఉంగరంతో తడితే మీరు రాలేదట. మళ్ళీ మళ్ళీ తట్టారట. మీ వెనక నిలబడి తట్టినా మీరు తల తిప్పలేదట. హామిల్టన్ ఇల్లు అమ్మించినందుకు మీకు మనసు విరిగిందనుకున్నారు. మీ కోపం న్యాయమైందే అనుకున్నారు. కళ్ళెదుట లేకపోతే మీ ప్రాణానికి హాయిగా ఉంటుందని విజయవాడ వెళ్తున్నారు. గొడుగావిడ ఎందుకు తిరగలేదన్న ప్రశ్నకి ఆయన రాసిన జవాబు ఇది: ఆవిడకి వినపడింది, కావాలనే తిరగలేదు.

ఆయన మాటలు మీరే చదువుకోండి. ఆ కాగితం ఇందులో పెడుతున్నాను.

మీ రిషిత

•

మిల్టన్
నవంబర్ 29

రిషితమ్మా,

ఇన్ని రోజులు రాయలేదని నువ్వు భయపడి ఉంటావు. నీ మీద కోపం ఒక పూట ఉంది. ఆయన ఉత్తరం చదివాక అది కూడా లేదు.

గ్రాఫు కాగితం మీద ఆయన చేతిరాత చూసి మొదట నవ్వొచ్చింది, నిటారుగా స్తంభాలు నిలబెట్టినట్టు రాస్తారు. చదువుతూ చదువుతూ వంటింటి నేల మీద కూర్చుండిపోయాను. తట్టారట. నా వెనకే నిలబడి కూడా తట్టారట, నేను కూరగాయలు తరుగుతూ ఉండిపోయానట. ఆ మనిషి ఎంత నొచ్చుకుని మేడెక్కి వెళ్ళి ఉంటారో.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి చప్పుళ్ళేనమ్మా. పిట్టలు, గంటలు, గ్లాసు మీద ఉంగరం. ఇది నేను మెడికల్ స్టూడెంట్లకి పాఠం చెప్పాను. మా ఇంటి సంగతి వచ్చేసరికి, ఆయన పిలవడం మానేశారనుకున్నాను కానీ ఆ పిలుపే నాకు వినపడటం లేదని తోచలేదు. చూస్తే ఇద్దరిదీ ఒకటే తెలివి.

సరే, చెప్పాలి. ఎలా చెప్పను? మాటలు కూడబలుక్కుంటూ రెండు రోజులు గడిచాయి. మూడోనాడు పొద్దున ఆయన కాఫీ తాగుతుంటే ఎదురుగా వెళ్ళి, ఒక పరీక్ష ఉంది, చెప్పినట్టు చెయ్యండి అన్నాను. నేను అటు తిరిగి నిలబడతాను, మీరు గ్లాసు మీద ఉంగరంతో తట్టండి అన్నాను. హాస్పిటల్లో పిల్లల వెనక నిలబడి బుల్లి గంట మోగించేదాన్ని, అదే పరీక్ష. గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో. ఇక తట్టరేమో, నా మాట లెక్కచెయ్యలేదేమో అనుకుని తిరిగి చూశాను. ఆయన తడుతూనే ఉన్నారు. వేలు లేస్తోంది, పడుతోంది. నీ సినిమాలో లాగే, అన్నీ కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన ఇంకా గట్టిగా తట్టారు, నా మొహం చూస్తూ. మళ్ళీ తల ఊపాను.

అప్పుడర్థమైంది ఆయనకి. గ్లాసు అక్కడ పెట్టి లేచి వచ్చారు. నా రెండు చెవులూ రెండు చేతుల్తో పట్టుకున్నారు, చిన్నపిల్లకి పట్టుకున్నట్టు. ఏమన్నారో తెలుసా? నాకు వినపడేలా, ఒక్కొక్క మాటా విడదీసి, "అయితే నా మీద కోపం లేదా?" అన్నారు. లేదన్నాను. "ఇల్లు అమ్మినందుకు?" అన్నారు. అది మాత్రం ఉందన్నాను. ఇద్దరం నవ్వాం, ఏడ్చాం. ఆయన ఏడవడం నేను మా మామగారు పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే.

జాలిపడి ఆగిపోతారని భయపడ్డాను కదా. జాలి కాదు, బోలెడంత కోపం వచ్చింది ఆయనకి. డాక్టరువి అయ్యుండి రెండేళ్ళు దాస్తావా అని ఆ రోజంతా తిట్టారు. ఎదురుగా కూర్చుని, నాకు ఒక్క తిట్టు కూడా వదిలిపోకుండా, చేతులు తిప్పుతూ తిట్టారు. ఏడాది తర్వాత ఆయన నోటివెంట అన్ని మాటలు. ఎంత హాయిగా విన్నానో.

విజయవాడ టికెట్ రద్దు చేశారు. ఫిబ్రవరిలో ఇద్దరం కలిసి వెళ్తాం. చెవుల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ జనవరిలో దొరికింది. మిషన్ పెట్టుకుంటాను, సిగ్గు పడను. నీ వ్యాసంలో మా ఇద్దరి జవాబులూ రాసుకో, పేర్లు వద్దు. మీ మేడం ఎవరి జవాబు సరైందని అడిగితే, ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళని చెప్పు. మేమిద్దరం ఆ సినిమా కింద హాల్లో కలిసి చూశాం. మేక దగ్గర ఆయన కూడా నవ్వారు. నా మొహం చూసి నవ్వారేమో కూడా తెలియదు, నేను ఆయన్నే చూస్తున్నాను.

మిషన్ వచ్చేదాకా మాకొక పద్ధతి పెట్టుకున్నాం. ఇన్నేళ్ళూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కేకలేసుకుంటూ కాపురం చేశాం, ఒకరి మొహం ఒకరు చూడాల్సిన పనే ఉండేది కాదు. ఇప్పుడు ఎవరికేం కావాలన్నా వచ్చి ఎదురుగా నిలబడాలి. కళ్ళజోడు కనపడకపోయినా రావాలి, పేపరు రాకపోయినా రావాలి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఈ ఇంట్లో మెట్లు ఎక్కువ. ఈ ఇల్లు వద్దని నేనప్పుడు మొత్తుకున్నది అందుకే.

నిన్న సాయంత్రం నేను చపాతీలు చేస్తున్నాను. ఆయన రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, చుట్టూ తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డారు. ఏం కావాలండీ అన్నాను. "ఏం లేదు. ఊరికే వచ్చాను" అన్నారు.

మీ
ఆంటీ